సరోజినీదేవి సీమ చదువు

దేశాటనము వలన మనుష్యునకు లోకజ్ఞానము కలుగునని పెద్దలు చెప్పుదురు. కాశికి పోయి వచ్చినవారిని ఊరివారు మేళతాళములతో ఎదురేగి తోడ్కొని వచ్చుట మన పూర్వాచారము. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణము విడిచి, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, మరుసటి సంవత్సరము తిరిగి వచ్చి, తాము దిగిన ప్రతి మజిలీని గ్రంథస్థము చేసిరి. అయితే ఊళ్లు తిరిగివచ్చినవారు రెండు తెగలుగా నుందురు. పరుల ఊరు చూచి తన ఊరిని చిన్నచూపు చూచువాడు ఒకడు. పరుల ఊరు చూచిన పిదపనే తన ఊరిని మొదటిసారి కన్నులార చూచువాడు మరియొకడు. ఈ రెండవ తెగకు చెందినవారిలో మన హైదరాబాదు ఆడుబిడ్డ శ్రీమతి సరోజినీదేవి అగ్రగణ్యురాలు. స్వాతంత్ర్య సమరమున ఆమె చేసిన సేవను బాలురు సైతము ఎరుగుదురు. కాని పదునారేండ్ల ప్రాయమున సీమకు పోయి, మూడేండ్లు అచ్చట గడపి, ఒక్క పట్టమైనను లేక తిరిగివచ్చిన ఆ బాలిక కథ తెలిసినవారు అరుదు.

సరోజినీదేవి 1879వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన హైదరాబాదులో జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులు వంగదేశీయుడు. ఎడింబరో విశ్వవిద్యాలయమున శాస్త్ర పరిశోధన గావించి డాక్టరు పట్టమందిన మహావిద్వాంసుడు. నిజాము రాజ్యమున ఆంగ్లవిద్యకు పునాది వేసినవారిలో ముఖ్యుడు. ఆయన పెంచిన పాఠశాలయే కాలక్రమమున నిజాము కళాశాలగా రూపొందెను. ఆయన ఇంటి తోటలో దినదినము సభ తీరెడిది. పండితులు, మౌల్వీలు, కవులు, ఫకీర్లు, సంస్థానోద్యోగులు ఎల్లరును అచ్చటికి వచ్చువారే. రాగిని బంగారు చేయవచ్చునను ఆశతో ఆయన రసవాదమునకు సైతము కొంత ధనము వెచ్చించెను. దానధర్మములకు వెచ్చించినది అంతకు తక్కువ గాదు. తల్లి వరదసుందరీదేవి వంగభాషలో పాటలు కట్టి మధురముగా పాడెడిది. ఎనమండుగురు బిడ్డలలో సరోజిని పెద్దది.

ఆ ఇంట తల్లిదండ్రులు పిల్లలతో హిందూస్థానీలో మాటలాడెడివారు. ఇంగ్లీషు పలుకుటకు సరోజిని ఎంతమాత్రము అంగీకరింపలేదు. తొమ్మిదవ ఏట తండ్రి విసిగి ఒకనాడు ఆమెను గదిలో బెట్టి తలుపు మూసెను. ఆమె యెరిగిన దండన అదియొక్కటియే. దినమంతయు ఒంటరిగా నుండి వెలుపలికి వచ్చినప్పుడు ఆమె ఆ భాషలోనే మాటలాడెను. కుమార్తె గణితశాస్త్రజ్ఞురాలు కావలెనని తండ్రి కోరిక. కాని పదునొకండవ ఏట బీజగణితపు లెక్క యొకటి ఎంతకును తెమలక ఆమె నిట్టూర్చుచు కూర్చుండగా, లెక్కకు మారుగా పద్యము వచ్చెను. లెక్క యటులే మిగిలిపోయెను, పద్యము నిలిచెను. పండ్రెండవ ఏట మదరాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో ఆమె ప్రథమస్థానము సంపాదించగా దేశమంతట ఆమె పేరు మారుమ్రోగెను. పదుమూడవ ఏట ఆరు దినములలో 1,300 పంక్తుల కావ్యము వ్రాసెను. పిమ్మట 2,000 పంక్తుల నాటకము వ్రాసెను. ఇంచుమించు ఆ కాలముననే, 1892లో, గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము విజయనగరమున మొదటిసారి ప్రదర్శింపబడుట గమనింపదగిన విషయము. ఒక తెలుగు పట్టణమున పెద్దలు స్త్రీల దుఃస్థితిని రంగస్థలము మీదికి తెచ్చుచుండగా, మరియొక పట్టణమున ఒక బాలిక స్వయముగా నాటకకర్త్రి యగుచుండెను.

ఈ శ్రమకు శరీరము తాళలేదు. వైద్యులు చదువు మాన్పించిరి. బడి చదువు మానినను పుస్తక పఠనము మానలేదు. పదునాలుగు మొదలు పదునారేండ్ల వరకును ఆమె ఇంటనుండియే రాశులకొలది గ్రంథములు చదివెను. తన చదువులో అధికభాగము ఆ రెండేండ్లలోనే జరిగినదని తరువాతి కాలమున ఆమె తలంచుచుండెను. గ్రంథాలయమునకు వచ్చు మన బాలబాలికలు ఈ సంగతి గుర్తుంచుకొనదగును.

ఆ దినములలోనే నిజాము సర్కారు వైద్యోద్యోగి, తెలుగువాడగు గోవిందరాజులు నాయుడుగారితో ఆమెకు పరిచయమై, అది అనురాగముగా మారెను. ఆమె బ్రాహ్మణ కన్య, ఆయన అన్యకులజుడు. భాష వేరు, ప్రాంతము వేరు. ఆమె వయసు పదునైదేండ్లు. తల్లిదండ్రులు సమ్మతింపలేదు. ఇంతలో ఆమె పారసీ భాషలో వ్రాసిన మెహర్ మునీర్ అను నాటకము ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానుగారి దృష్టికి వచ్చెననియు, ఆయన మెచ్చి సీమ చదువునకు విద్యార్థివేతనము మంజూరు చేసెననియు చెప్పుదురు. ఆ వేతనము సంవత్సరమునకు 300 పౌనులు, ఓడ ఖర్చులు వేరు. ఇతర బాలికలైనచో ఇట్టి భాగ్యమునకు ఎగిరి గంతులు వేయుదురు. సరోజినికి మాత్రము ఆ ప్రయాణము ఇష్టము లేకుండెను. చదువు పేర తనను ప్రియునకు దూరము చేయుచున్నారని ఆమెకు తెలియును. 1895వ సంవత్సరమున ఆమె కంట నీటితో ఓడ యెక్కెనన్నచో అతిశయోక్తి కాదు.

ఆనాటి లండను ప్రపంచమునందలి నగరములలో అతి పెద్దది. వీథులలో గుఱ్ఱపు బండ్ల బారులు, నేల క్రింద 1863 నుండియు నడచుచుండిన పొగబండ్లు, దీపస్తంభముల వెలుగులో మంచు, పొగ, జనసమ్మర్దము. ఆమె అచ్చటనుండిన కాలముననే, 1897 జూన్ 22వ తేదీన, విక్టోరియా రాణి పాలనకు 60 ఏండ్లు నిండిన మహోత్సవము జరిగెను. దేశదేశముల సైనికులు, సంస్థానాధీశులు వీథులవెంట ఊరేగిరి. ఆ నగరమునందలి బ్రిటిష్ మ్యూజియమున మన కృష్ణాతీరపు అమరావతి స్తూప శిల్పములు 1880 నుండియు ఉన్నవి. తెలుగుదేశమునుండి పోయినవాడు అచ్చట నిలిచి చూచినచో, తన తాతల చేతిపని పరుల ఇంటి గోడకు వ్రేలాడుచుండుట చూచి సంతోషింపవలెనో దుఃఖింపవలెనో తెలియక తికమకపడును.

లండనులో సరోజినీదేవి కింగ్స్ కళాశాలలో చేరెను. అప్పుడు ఆ కళాశాలవారు స్త్రీలకొరకు కెన్సింగ్టను ప్రాంతమున వేరొక శాఖ నడపుచుండిరి. భారతీయ విద్యార్థులకు పెద్దదిక్కుగా నుండిన మిస్ మేనింగు అను దొరసాని ఆమె యోగక్షేమములు కనుగొనుచుండెను. ఆమె యింట జరుగు గోష్ఠులకు గొప్ప గొప్ప రచయితలు వచ్చెడివారు. ఆ గోష్ఠులలో పట్టుచీర కట్టి, నల్లని జుట్టు వీపున జారవిడిచి, ఒక మూల కూర్చుండిన ఈ బాలికను చూచి చిన్నపిల్ల యని భ్రమపడినవారు పలువురు. ఆమె తక్కువగా మాటలాడును, మెల్లగా మాటలాడును. ఎందరి నడుమనున్నను ఒంటరిగా నున్నట్లే యుండును. కాని ఆ విశాల నేత్రములను చూచినవారు, నోరు విప్పినపుడు ఆమె మాట విన్నవారు, వయసు మరచి ఆమెను విజ్ఞురాలిగా గౌరవించిరి. కవి ఆర్థర్ సైమన్సు ఆమె రూపమును ఇట్లే వర్ణించి వ్రాసియున్నాడు.

ఆమె మెలగిన ఆ రచయితల మండలి నాటకకళకు మిక్కిలి సన్నిహితమైనది. ఎడ్మండ్ గాస్ అను విమర్శకుడు, విలియమ్ ఆర్చర్ అను నాటక విమర్శకుడు, విలియమ్ హైనెమన్ అను ప్రచురణకర్త ఆమెకు అచ్చట పరిచితులైరి. నార్వే దేశపు మహానాటకకర్త ఇబ్సెన్‌ను ఇంగ్లీషువారికి పరిచయము చేసినవారు ప్రధానముగా ఈ మువ్వురే. ఇబ్సెన్ నాటకమొకదానిని గాస్, ఆర్చర్ కలసి అనువదింపగా 1893లో హైనెమన్ ప్రకటించెను. ఆర్చర్ అనువదించిన బొమ్మరిల్లు నాటకము 1889లో లండను రంగస్థలమెక్కి పెద్ద కలకలము రేపెను. భర్త చేతిలో బొమ్మగా బ్రతుకనొల్లక ఇల్లు విడిచి వెళ్లిన ఒక గృహిణి కథ అది. తన బ్రతుకును తానే నిర్ణయించుకొను హక్కు స్త్రీకి కలదా యను ప్రశ్న అప్పుడు ఆ నగరమున ప్రతి గోష్ఠిలోను చర్చకు వచ్చుచుండెను. తన వివాహవిషయమున అదే ప్రశ్నను మనసులో మోయుచున్న పదునారేండ్ల బాలికకు ఆ చర్చ కేవలము సాహిత్య చర్చ కానేరదు.

ఆ కాలపు లండను నాటకశాలల వైభవము చెప్పదగినది. లైసియమ్ నాటకశాలలో హెన్రీ ఇర్వింగు, ఎలెన్ టెర్రీ షేక్స్పియరు నాటకములు ప్రదర్శించుచుండిరి. సరోజిని సీమకు పోయిన 1895లోనే ఇర్వింగునకు రాణి సర్ బిరుదము ప్రసాదించెను. నటునకు అట్టి గౌరవము లభించుట అదియే మొదలు. అంతవరకు వేషగాడని చులకన చేయబడినవాడు ఆనాటినుండి విద్వాంసుల సరసన కూర్చుండెను. ఆ సంవత్సరముననే బెర్నార్డు షా యొక వారపత్రికలో నాటక విమర్శలు వ్రాయ నారంభించెను. మన వీథినాటకమున దివిటీల వెలుగు వేషధారి మీదను ప్రేక్షకుల మీదను సమముగా పడును. చూచువాడును ఆడువాడును ఒకే వెలుగున నుందురు. ఇర్వింగు తన నాటకశాలలో ప్రేక్షకులు కూర్చుండు భాగమున దీపములు తగ్గించి, వెలుగంతయు రంగస్థలము మీదనే నిలుపు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. చీకటిలో మౌనముగా కూర్చుండి, వెలుగులోనున్న ఒక్కరి కంఠము వేలమంది వినుట ఆ పద్ధతిలోని విశేషము. ఒక కంఠము వేలమందిని ఎట్లు కట్టివేయునో సరోజినీదేవి పిమ్మట మన దేశపు సభావేదికల మీద నిరూపించి చూపెను.

ఆమె జీవితమున ముఖ్యఘట్టము ఈ నగరముననే జరిగెను. తాను వ్రాసిన పద్యములను ఆమె గాస్‌గారి చేతికిచ్చెను. ఆయన చదివెను. ఛందస్సున లోపము లేదు, భాషలో తప్పు లేదు. కాని అందులోని పక్షులు ఇంగ్లండు పక్షులు, పూవులు ఇంగ్లండు పూవులు, గుడిగంటలు ఇంగ్లండు పల్లెలందలి చర్చి గంటలు. హైదరాబాదు తోటలలో పుట్టి పెరిగిన పిల్ల తానెన్నడును చూడని పల్లెను గురించి, పుస్తకములలో చదివినది చదివినట్లు వ్రాసినది. ఆయన మొగమాటము లేక ఆ పద్యములను చెత్తబుట్టలో వేయుమని చెప్పెను. ఇంగ్లీషు కవులకు ప్రతిధ్వని తమకక్కరలేదనియు, ఆమె దేశపు కొండలు, తోటలు, గుడులు, అచ్చటి జనుల హృదయము చూపవలసినదనియు బోధించెను.

ఈ హితవు వినుట సులభము కాదు. పండ్రెండేండ్ల నాటినుండి పొగడ్తలే విన్న బాలిక ఆమె. సముద్రములు దాటి వచ్చి, పేరుగాంచిన పండితుని ముందు తన సర్వస్వము పరచగా, ఆయన అంతయు పారవేయుమనెను. అభిమానము గలవారు అలిగి పోదురు, అధైర్యము గలవారు కలము విడుతురు. సరోజిని రెండును చేయలేదు. వినయముతో ఆ మాట గ్రహించి, తన మార్గము మార్చుకొనెను. ఇంగ్లీషు పల్లెపై పద్యములు వ్రాయుట అంతటితో సరి. తన ఊరిని చూచుటకు అంత దూరము పోవలసివచ్చెనా యని యెవరైనను అడుగవచ్చును. చెట్టు క్రింద నిలిచినవానికి చెట్టు కొమ్మలే కనబడును. చెట్టు రూపమంతయు కనబడవలెనన్న కొంత దూరము పోవలసినదే గదా!

లండను పిమ్మట ఆమె కేంబ్రిడ్జియందలి గిర్టను కళాశాలలో చేరెను. 1869లో స్త్రీవిద్య కొరకు స్థాపింపబడిన కళాశాల అది. అచ్చటి స్త్రీలు పురుషులతోపాటు పరీక్షలు వ్రాయవచ్చును, గెలువవచ్చును. కాని పట్టము మాత్రము వారికి లేదు. 1897 మే నెలలో స్త్రీలకు పట్టములీయవలెనా వద్దా యని విశ్వవిద్యాలయమువారు ఓట్లు తీసికొనగా, పురుష విద్యార్థులు బైసికిలు మీద స్త్రీబొమ్మను వీథిలో వ్రేలాడదీసి కేరింతలు కొట్టిరి. తీర్మానము వీగిపోయెను. అచ్చటి స్త్రీలకు పూర్తిపట్టములు 1948లో గాని రాలేదు. నాగరికతకు నిలయమని మనము తలంచిన దేశమునందును ఆడుదాని చదువునకు అడ్డుగోడలు లేకపోలేదని దీనివలన తెలియుచున్నది. ఇంతలో సరోజిని ఆరోగ్యము మరల చెడెను. చదువు సగమున నిలిచిపోయెను.

సీమలోనుండిన ఈ మూడేండ్ల నడుమనే ఆమె ఇటలీ దేశము చూచి వచ్చెను. ఆ యాత్రలో ఆమె మనసు దోచిన నగరము ఫ్లారెన్సు. మహాకవి డాంటే జన్మస్థానము అది. 1436లో ముగిసిన మహాదేవాలయపు గుమ్మటము నేటికిని ఆ నగరపు ఆకసమును ఏలుచున్నది. మైకేలాంజిలో ఒక్క రాతినుండి తీసిన డేవిడ్ విగ్రహము అచ్చటనే యున్నది. ఇంగ్లీషు కవయిత్రి ఎలిజబెత్ బ్రౌనింగు తన చివరి ఏండ్లు అచ్చట గడపి 1861లో కన్నుమూసెను. నాటకమంతయు పాటగా నడపు ఆపెరా అను ప్రక్రియకు పుట్టినిల్లును ఆ నగరమే. 1600వ సంవత్సరమున యూరిడిచే అను గేయనాటకము అచ్చటి పిట్టీ రాజభవనమున ప్రదర్శింపబడెను. అప్పటికి మన దేశమున యక్షగానము వర్ధిల్లుచునే యుండెను. దూరదూరమందలి రెండు జాతులు, ఒకదానినొకటి ఎరుగకయే, కథను పాటగా పాడి ఆడవలెనని తలంచుట ఎంత వింత!

సరోజిని అచ్చటినుండి వ్రాసిన లేఖలలో ఇటలీ దేశమును బంగారముతో పోల్చెను. ఉదయపు వెలుగు బంగారము, నక్షత్రములు బంగారము, మే నెల రాత్రులలో చీకటి తోటల నడుమ ఎగురు మిణుగురు పురుగులును బంగారమే. ఒక చీకటి రాత్రి ఆమె తోటలో నిలిచియుండగా మిణుగురులు ఆమె జుట్టులో చిక్కుకొని మెరసెనట. వాని వేగమును, ఆగి ఆగి మెరయు తీరును పద్యపు నడకలో పట్టుకొనవలెనని ఆమె ఉబలాటపడెను. ఇందొక సూక్ష్మమున్నది. అంత గొప్ప గుమ్మటములు, విగ్రహములు, చిత్రశాలలు గల నగరమున ఆమె కలమును పట్టి నిలిపినవి మిణుగురులు. మిణుగురులు మన పొలము గట్లమీదను ఉన్నవి. కన్ను తెరచినవానికి అందము ఎచ్చటనైనను కనబడును. ఆ కన్ను ఆమెకు అప్పటికి తెరచుకొనెను.

1898 సెప్టెంబరులో సరోజినీదేవి హైదరాబాదు చేరెను. లోకము దృష్టిలో ఆమె తెచ్చినదేమి? ఎడింబరో డాక్టరుగారి కుమార్తె, నిజాము వేతనముతో చదివిన పిల్ల, పట్టము లేక, ఆరోగ్యము చెడి, తిరిగివచ్చెను. లెక్క వ్రాసినచో ఖర్చు పుట యంతయు నిండియున్నది, జమ పుటలో అంకె లేదు. కాని ఆమె తన మాట మాత్రము విడువలేదు. ఎవరినుండి విడదీయుటకు సముద్రము దాటించిరో, ఆ గోవిందరాజులు నాయుడుగారినే వరించెను. మూడేండ్ల ఎడబాటు ఆ ప్రేమను తరుగనీయలేదు. తండ్రియు కుమార్తె దృఢనిశ్చయము చూచి సమ్మతించెను. 1898 డిసెంబరులో మదరాసున వారి వివాహము 1872వ సంవత్సరపు చట్టప్రకారము జరిగెను. ఆ వివాహము జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వితంతు వివాహములు జరిపించి, నాటకములు వ్రాసి ఆడించి, తెలుగుదేశమును మేల్కొల్పిన ఆ మహనీయుని చేతిమీదుగా ఈ వర్ణాంతర వివాహము జరుగుట ఎంతయు సముచితము. దేశము కొంతకాలము గగ్గోలు పెట్టి పిమ్మట మిన్నకుండెను. ఆ దంపతులకు జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి అను నలుగురు బిడ్డలు కలిగిరి.

జమ పుటలో అంకె ఏడేండ్ల తరువాత పడెను. 1905లో లండనున హైనెమన్ వారు ఆమె మొదటి కవితా సంపుటమును బంగారు గడప అను అర్థము గల పేరుతో ప్రకటించిరి. సైమన్సు పీఠిక వ్రాసెను. సరోజిని దానిని గాస్‌గారికి అంకితము చేసెను. తన పద్యములను పారవేయుమన్న వానికే తన మొదటి పుస్తకము నంకితమిచ్చుట ఆమె సంస్కారమునకు తార్కాణము. ఆ పుస్తకమున ఇంగ్లండు పక్షులు లేవు. పల్లకి మోయు బోయీలు, చోళమండల తీరపు బెస్తలు, పాములవాడు, తిరుగళ్ల పాట, ఊయల పాట, హైదరాబాదు నగరమునందలి సంధ్యాసమయము, ఇవియే ఉన్నవి. రంజాను దర్బారున నిజాముగారికి సమర్పించిన పద్యమును అందులోనిదే. 1912లో రెండవ సంపుటము వెలువడగా దానికి గాస్ స్వయముగా పీఠిక వ్రాసి, పదునారేండ్ల బాలికకు తాను చెప్పిన హితవును అందు జ్ఞాపకము చేసికొనెను. హైదరాబాదు బజారులో వర్తకులు, గాజులవారు, పండ్లమ్మువారు, పూలు కట్టువారు ఆ సంపుటమున నడయాడుదురు.

ఆమె తరువాతి చరిత్ర దేశచరిత్రలో భాగము. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తినపుడు ఆమె వరదబాధితులకు సేవచేసెను. 1914లో లండనున, తాను చిన్ననాడు చదివిన కెన్సింగ్టను ప్రాంతముననే, గాంధీమహాత్ముని మొదటిసారి దర్శించెను. 1925లో కాన్పూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించెను. 1930 మే నెలలో ధరాసనా ఉప్పు సత్యాగ్రహమునకు నాయకత్వము వహించి కారాగారమునకేగెను. 1947లో సంయుక్త రాష్ట్రములకు గవర్నరై, 1949 మార్చి 2వ తేదీన లక్నోలో పరమపదించెను.

నాంపల్లి ప్రాంతమున ఆమె కాపురముండిన ఇంటికి ఆ మొదటి పుస్తకపు పేరే నిలిచినది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఏర్పడినపుడు కుమార్తె పద్మజాదేవి ఆ ఇంటిని విద్యాదానముగా నొసగెను. విశ్వవిద్యాలయము మొదట ఆ గడపలోనే పాదము మోపి, పిమ్మట గచ్చిబౌలి గుట్టల నడుమకు తరలెను. నాటకము, నృత్యము, చిత్రకళ, పత్రికావిద్య నేర్పు విభాగమునకు అచ్చట సరోజినీదేవి పేరు పెట్టిరి. పారసీ నాటకము వ్రాసి సీమకు పోయిన బాలిక పేరిట నేడు బాలబాలికలు నాటకవిద్య నభ్యసించుచున్నారు.

ఆ చెంతనే మాదాపురమున 1998 నవంబరులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమయ్యెను. సరోజిని సీమనుండి తిరిగివచ్చిన నాటికి సరిగా నూరేండ్లు. రాళ్లు, తుప్పలు, మేకల మందలు ఉండిన చోట ఇప్పుడు అద్దాల మేడలు లేచినవి. హైటెక్ సిటీ, సైబరాబాదు అను పేర్లు వాడుకకు వచ్చినవి. ఆనాడు నగరమంతటికి ఒక్క బాలిక ఓడ యెక్కుట వింత. ఈనాడు ఇంటింటినుండి బిడ్డలు విమానమెక్కి పైదేశములకు పోవుచున్నారు. అట్లు పోవుట దోషము కాదు. అచ్చటి మ్యూజియములు చూడవలెను, నాటకములు చూడవలెను, పండితుల మాట వినవలెను. వారు తెచ్చు పట్టములకు తల్లిదండ్రులు సంతసించుటయు సహజమే. కాని పరుల పక్షుల పాట వల్లించుటతో చదువు ముగియదనియు, తన ఊరి బోయీ పాట, తన ఊరి తిరుగలి పాట వినగల చెవి కూడ తెచ్చుకొనవలెననియు సరోజినీదేవి జీవితము చెప్పుచున్నది.

ఆరోగ్యము చెడి బడి మానిన రెండేండ్లలో ఆమెకు గురువులైనవి పుస్తకములే. ఆ గురువులు ఇరువది యైదేండ్లుగా మన గ్రంథాలయమున బీరువాలలో బారులుతీరి, వచ్చువారికొరకు వేచియున్నారు. ఓడ ఖర్చులు లేవు, మన గ్రామపు బాలికలకు ఈ గడప దాటుటయే ఆలస్యము.